అట్ట మీద ముద్ర

క్యోటో, నిషిజిన్
2017 మార్చి 9

ర్యోహే,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయాలని బళ్ళో నేర్పారు కాబట్టి రాస్తున్నాను: చలి ఇంకా తగ్గలేదు. అయిపోయింది. ఇక అసలు సంగతులు.

నువ్వు పంపిన ఎండుచేపల పెట్టె అందింది. సగం పక్కింటి హత్తా గారికిచ్చాను. నీకు ధన్యవాదాలు చెప్పమన్నాడు. అంటే, అన్నాడనే అనుకుంటున్నాను, పెదవులు అలాగే కదిలాయి. ఫోను కొనుక్కోమని మళ్ళీ రాశావు. కొనుక్కుని ఏం చేసుకోను, దిండు కింద పెట్టుకోనా? ఈ సందులో పదకొండు కరెంటు మగ్గాల మధ్య నలభై ఏళ్ళు బతికాక చెవులు మిగులుతాయా? నువ్వు పద్దెనిమిదో ఏట ఆ చప్పుడు పడలేక ఓడెక్కి పారిపోయావు కాబట్టి నీవి మిగిలాయి.

ఆ పదకొండులో ఇప్పుడు హత్తా గారిది ఒక్కటే ఆడుతోంది. అది నాకు చెవులతో కాదు, కాళ్ళతో తెలుస్తుంది. నా గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నానా, ఆయన తన మగ్గం మొదలెట్టగానే మట్టిలోంచి అరికాళ్ళకు అదురు వస్తుంది. ముసలాయన లేచాడన్నమాట, నేనూ పని మొదలెట్టాలి అనుకుంటాను.

మూడో ఇల్లూ నాలుగో ఇల్లూ లాడ్జీలయ్యాయి. వాటిని తీసుకున్న కంపెనీ వాళ్ళు లాడ్జీ అనరు, 'వారసత్వ బస' అంటారు. చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ జనం వస్తారు, నా కిటికీ చెక్కల సందుల్లోంచి నన్ను ఫొటో తీసుకుని పోతారు. తిడదామనుకుంటాను గానీ న్యాయంగా చెప్పాలంటే, వాళ్ళు రాకముందు ఈ సందులో పిల్లులు కూడా ఉండేవి కావు. ఇరవై ఏళ్ళు కారిన పైకప్పులు బాగుచేసింది వాళ్ళే. ఆ కంపెనీ తరఫున తకెమోతో అని ఒకాయన మిఠాయి పెట్టెతో మా గుమ్మంలోకీ వచ్చాడు. ఆయన చెప్పింది సగం వినపడలేదు. తల ఊపి, టీ ఇచ్చి పంపేశాను.

నాకా, నడుం పట్టేస్తోంది. గోళ్ళు పెళుసెక్కాయి. నడివేలి గోరుకి రంపంలా పళ్ళు కోసి దాంతో పేక దువ్వాలి కదా, కోసిన పళ్ళు మూడో రోజుకే విరిగిపోతున్నాయి. ఈ మాయదారి మగ్గాన్ని విరగ్గొట్టి స్నానాల నీళ్ళ కింద పెడితే పీడా పోతుంది.

ఇంటింటికీ తిరిగే నోటీసు అట్ట ఈమధ్య రెండ్రోజులకోసారి వస్తోంది. చెత్తబండి మారిందనీ, మంటలార్పే కవాతనీ ఏదో ఒకటి. ఉత్తరం సగంలో ఉండగా ఇప్పుడే ఇంకోటి వచ్చింది. నాన్న పేరు ముద్ర వేసి హత్తా గారికి అందించి వచ్చాను. అట్ట ఒక పూట మన ఇంట్లో నిలిచిందంటే సందంతా ఏమనుకుంటుందో నీకు తెలుసుగా.

వచ్చే మార్చిలో నాన్న ముప్పై మూడో సంవత్సరీకం. ఇప్పట్నుంచే చెబుతున్నాను, తప్పించుకోకు.

అక్క కినుయో

*

ఒతారు
ఏప్రిల్ 2

అక్కకు,

ఇక్కడ మంచు ఇంకా మోకాలి లోతుంది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నడుం, గోళ్ళు, మగ్గం విరగ్గొట్టడం. నువ్వు ఎప్పుడూ సణుగుతావు గానీ ఈసారి సణుగుడు వేరుగా ఉంది.

ఆ తకెమోతో గారు ఇక్కడికీ వచ్చాడు. అంతదూరం నుంచి, బూట్ల నిండా మంచుతో. చాలా మర్యాదస్థుడు. కూర్చోబెట్టి చేపల పులుసు పోశాను. ఆయన చూపించినవన్నీ చూశాక నీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. నువ్వు పైకి రాయలేదు కాబట్టి నేనూ ఎత్తను. మన ఇళ్ళలో ఇలాంటివి నోరు తెరిచి అనుకోం. యాభై ఏళ్ళు ఓడల్లో ఇంజన్లు చూసుకుంటూ తిరిగినా అంతమాత్రం మరిచిపోలేదు.

నాన్న పోయినప్పుడు ఇంటి యజమాని అద్దె కాగితం నా పేరు మీద రాశాడు, గుర్తుందా? కొడుకు పేరే ఉండాలన్నాడు. ఆ ఇంట్లో ఒక్క రోజైనా కాపురం చెయ్యని నా పేరు! అది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. నాన్న ఇచ్చిన ముద్ర తీసి, బూజు తుడిచి, నీ మనసుకు తగ్గట్టే పని ముగించి ఆయన్ను పంపాను. ఇక ఆ బెంగ నీకు వద్దు.

సుమి పోయి నేనొంటరినయ్యాక మేడ మీది గది ఖాళీగానే ఉంది. కిటికీలోంచి రేవు కనిపిస్తుంది. శుభ్రం చేయించాను. ఎందుకని అడగకు.

నీ తమ్ముడు
ర్యోహే

*

క్యోటో
మే 28

ఒరేయ్ ర్యోహే,

నీ ఉత్తరం నాకెంత బలమిచ్చిందో చెప్పలేను. ఆ మిఠాయి పెట్టె మనిషిని చేపల పులుసు పోసి సాగనంపావని చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అంత దూరం వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడన్నమాట. కాగితం నీ పేరు మీద ఉన్నందుకు ముప్పై ఏళ్ళు లోలోపల మండిపడ్డాను. ఇవాళ ఆ మంట ఆరింది. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

ఆ ధైర్యంతోనే ఒక పని ఒప్పుకున్నాను. మనకు పని ఇచ్చే యాగి గారి కొట్టులో పాత పెట్టెలు సర్దుతుంటే నాన్న చేతి బొమ్మ ఒకటి దొరికింది. అలల నమూనా, కిమోనో మీద చుట్టే నడుంపట్టీకి గీసింది. ఆయన సగం నేసి పోయాడు చూడు, అదే. యాగి గారు దాన్ని నా ముందు పరిచి, "కినుయో గారూ, ఇది నెయ్యగలవాళ్ళు మీరు తప్ప ఎవరూ మిగల్లేదండీ" అని కాగితం మీద రాసి చూపించాడు. ఎనిమిది నెలల పని. మంచి రోజున మూడు వేళ్ళ మేర నేస్తాను, అల తిరిగే చోట ఒక వేలే. పడుగు ఎక్కించాను. జనవరి ఆఖరుకి మగ్గం మీంచి దించి, సంవత్సరీకానికి నాన్న పటం ముందు పెడతాను. నాకు ఇదే చివరి పట్టీ. ఇది దించాక మగ్గం నిజంగానే నీళ్ళ కింద పెట్టుకోవచ్చు, నువ్వే వచ్చి పెట్టు.

ఒక్కటే బాధ. పోయిన మంగళవారం నుంచి అరికాళ్ళకు అదురు రావడం లేదు. జబ్బు చేసిందేమోనని వెళ్ళి చూస్తే, హత్తా గారు సుత్తితో మగ్గం పగలగొట్టిస్తున్నాడు. పాత ఇనుము వాళ్ళొచ్చి మోసుకుపోయారు. "ఎందుకండీ?" అని అరిచాను. నా వంక చూసి, ఏదో అనబోయి, తల వంచి దండం పెట్టాడు. ఎనభై ఏళ్ళ మనిషి నాకెందుకు దండం పెట్టాడో అర్థం కాలేదు.

గదికి కొత్త చాపలు వేయించు. నిన్ను చూడ్డానికి వస్తాను, పట్టీ అయ్యాక.

అక్క

*

ఒతారు
జూన్ 20

అక్కకు,

నీ ఉత్తరం చదివి గాభరా పడ్డాను. ఎనిమిది నెలలేమిటి? జనవరేమిటి? కంపెనీ వాళ్ళు నీకు విడిగా గడువేమైనా ఇచ్చారా? నేను ముద్ర వేసిన కాగితంలో నవంబరు ఆఖరుకి ఇల్లు ఖాళీ చేసి అప్పగిస్తామని స్పష్టంగా ఉంది. తకెమోతో గారు రెండుసార్లు వేలు పెట్టి చూపించాడు.

నేనాయన్ని ఉత్త చేతులతో పంపలేదక్కా. నువ్వు ఒప్పుకున్నావు కాబట్టే నేనూ వేశాను. సందు వాళ్ళందరూ ముద్రలు వేసిన కాగితం నకలు చూపించాడు, 'సందు పునరుద్ధరణకు సమ్మతి' అని పైన పెద్దక్షరాలతో. అందులో మొదటి ముద్ర నీదే. అంచు విరిగిన నాన్న పాత ముద్ర నేను పోల్చుకోలేనా? నువ్వు పనికి స్వస్తి చెబుతున్నావనీ, నాతో చెప్పడానికి మొహమాట పడుతున్నావనీ అనుకున్నాను. మగ్గం విరగ్గొడతానని నువ్వే రాశావు.

ఆ నకలు ఇందులో పెడుతున్నాను. మార్చి తొమ్మిదో తారీఖుది. నేను తప్పుగా అర్థం చేసుకున్నానని మాత్రం రాయకు.

ర్యోహే

*

క్యోటో
జూన్ 27

ర్యోహే,

అది నోటీసు అట్ట మీద వచ్చిన కాగితం.

అట్ట మీద ముద్ర అంటే చూశాను, పక్కింటికి ఇస్తున్నాను అని. అంతే. ఆ మాట నీకు ఎవరైనా చెప్పాలా? చిన్నప్పుడు ఈ సందులో అట్ట మోసింది నువ్వు కాదూ? నాన్న ముద్ర చొక్కా జేబులో వేసుకుని, తలుపు తీసీ తియ్యకముందే టక్కున కొట్టి, పక్కింటికి పరిగెత్తేవాడివి. ఎప్పుడైనా ఒక్క అక్షరం చదివావా?

నకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరూ అదే మాట, చూసి ముద్ర వేశాం, చదవలేదు. చదివింది హత్తా గారొక్కడే. ఆయన పలక తీసుకుని సుద్దతో రాశాడు: "చదివానమ్మా. వద్దనే అనుకున్నాను. పైన నీ ముద్ర ఉంది. కినుయో గారే మగ్గం వద్దనుకున్నాక ఇంకెవరి కోసం ఆగాలని నేనూ వేశాను. నిన్ను అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు." అందుకే మగ్గం పగలగొట్టించాడు. అందుకే నాకు దండం పెట్టాడు. నా ముద్ర చూసి ఆయన, మా ముద్రలు చూసి నువ్వు. అందరికీ మర్యాదే. ఒక్కరికీ నోరు లేదు.

నేను సణిగాను. సణుగుతాను. నేతగాళ్ళు సణుగుతారు. నీ పెళ్ళాం నడుం నొప్పని ఎన్నిసార్లు అందో, అన్నప్పుడల్లా ఇల్లు అమ్మేశావా?

అప్పుడు చప్పుడు పడలేక పోయావు. ఇప్పుడు ఆ చప్పుడు లేకుండా చేశావు. సంతోషంగా ఉండు.

వాతావరణం: వాన.

కినుయో

*

ఒతారు
జూలై 30

అక్కకు,

నువ్వు జవాబు రాయవని తెలిసీ రాస్తున్నాను. చించెయ్యకుండా ఒక్కసారి చదువు.

కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. వార్డు ఆఫీసులో ఉచితంగా సలహా చెప్పే వకీలును కలిశాను. పాపం కుర్రాడే, నా కన్నా ఎక్కువ బాధపడ్డాడు. సందు వాళ్ళ ముద్రలకు చట్టంలో ఏ విలువా లేదట. కావలసింది అద్దె కాగితంలో పేరున్న నా ఒక్కడి ముద్రేనట. అది నేను స్వయంగా, మా ఇంట్లో, చేపల పులుసు పోసి మరీ వేశాను. నేను పోయాక యాభై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్నది నువ్వు. కాగితానికి మాత్రం నువ్వు ఎవరూ కాదు. "మీ అక్కగారు మీ ఇంట్లో ఉంటున్నట్టు లెక్కండీ" అన్నాడు వకీలు.

పద్దెనిమిదో తారీఖున క్యోటో వచ్చాను. నీకు చెప్పలేదు. కంపెనీ ఆఫీసులో రెండు గంటలు కూర్చున్నాను. తకెమోతో చెడ్డవాడు కాదక్కా. నేను మోకాళ్ళ మీద కూర్చోబోతే పట్టుకుని లేపాడు. "మీ అక్కగారికి ఇష్టమనే అనుకున్నామండీ, నేను చెబుతుంటే తల కూడా ఊపారు" అన్నాడు. మరమ్మతు పని వడ్రంగులకు అప్పగించేశారట, వెనక్కి పోవడం తన చేతుల్లో లేదన్నాడు. ఎవరి చేతుల్లో ఉందని అడిగితే అతనికీ తెలీదు.

ఒక్కటి మాత్రం సాధించాను. మగ్గాన్ని తీసెయ్యరు. ఉన్నచోటే, ఉన్నదున్నట్టే ఉంచుతారు. రాసిచ్చారు. ఈసారి ప్రతి అక్షరం చదివే ముద్ర వేశాను.

అక్కడి నుంచి సందు దాకా వచ్చాను. మొదట్లో నిలబడ్డాను. ఎండ, వీధిలో ఎవరూ లేరు. నీ మగ్గం చప్పుడు వినిపించింది. చిన్నదే, చేతిమగ్గం కదా, దువ్వెన పెట్టి దువ్వుతున్నట్టు. చిన్నప్పుడు పదకొండు మగ్గాల హోరులో అది ఒక్కనాడూ నా చెవిన పడలేదు. వింటూ చాలాసేపు నిలబడ్డాను. లోపలికి రాలేదు. రైలెక్కి వచ్చేశాను.

నన్ను తిట్టడానికైనా రాయి.

ర్యోహే

*

క్యోటో
నవంబరు 26

ర్యోహే,

చలి మొదలైంది. అయిదు నెలలు రాయలేదు. కోపంతో కొంత, తీరిక లేక కొంత. వెలుతురు వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా మగ్గంలోనే ఉన్నాను. అన్నం ఉండలు చేసి పక్కన పెట్టుకుని తిన్నాను.

సందు మొదటి దాకా వచ్చి వెళ్ళిపోయావా? బుద్ధి ఉందా? తిట్టేదాన్ని, నిజమే. తిట్టి టీ ఇచ్చేదాన్ని. నాకు వినపడదని తెలుసుగా, నువ్వు అక్కడ నిలబడితే నాకెలా తెలుస్తుంది? హత్తా గారి మగ్గం అయితే కాళ్ళకు తెలిసేది. మనిషి నిలబడితే తెలీదు.

పట్టీ కాలేదు. నాన్న ఆపిన చోటు దాటి రెండు జానలు వచ్చాను. మూడో అల సగంలో ఉంది. యాగి గారు కంపెనీకి వెళ్ళి రెండు నెలలు గడువు అడిగాడు. వడ్రంగుల రోజులు ఖాయమైపోయాయన్నారు. మగ్గంతో సహా వేరే చోటికి పోదామంటే, నువ్వు రాయించుకున్న కాగితం చూపించారు: మగ్గం కదల్చరాదు. ఆ మాట పెట్టించింది నువ్వే. నిన్ను అనడం లేదు. నేనున్నా అదే పెట్టించేదాన్నేమో.

నిన్న వాళ్ళ తరఫున ఒకమ్మాయి వచ్చింది. మంచిపిల్ల, చెప్పాల్సింది పెద్దపెద్ద అక్షరాలతో రాసుకొచ్చింది. పట్టీ కొయ్యొద్దట, సగం నేసినది మగ్గం మీద అలాగే ఉంటే వచ్చినవాళ్ళు చూసి ముచ్చటపడతారట. నేను కత్తెర తెచ్చాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, నేను పెట్టుకోలేదు. యాభై నాలుగేళ్ళలో పని సగంలో ఉండగా పడుగు కోసింది ఇదే మొదలు. చేతులు బాగానే ఆడాయి.

ఎల్లుండి యామషినాలో మూడో అంతస్తు గదికి పోతున్నాను. హత్తా గారు ముందే కూతురి దగ్గరికి పోయాడు. ఒతారు రమ్మని మళ్ళీ రాయకు. ఇప్పుడే కాదు.

అక్క

*

యామషినా
2018 ఫిబ్రవరి 24

ర్యోహే,

ఇవాళ ఎండ బాగుంది. నువ్వు పంపిన ఎండుచేపలు వచ్చాయి. ఇక్కడ సగం ఇవ్వడానికి ఎవరూ తెలియదు, అందుకని రోజూ నేనే తింటున్నాను.

మన ఇల్లు తెరిచారు. మొదటి రోజు పిలిచారు, వెళ్ళాను. చాలా బాగుచేశారు, అబద్ధం ఎందుకు. కారే చోటు లేదు, వంకర తలుపు సాఫీగా జరుగుతోంది. మగ్గం ఉన్నచోటే ఉంది, నువ్వు రాయించుకున్నట్టే. కింద గుంట మాత్రం కప్పేశారు. కాళ్ళు పెట్టే చోట నున్నటి చెక్కలు, చెక్కల కింద వెచ్చటి పైపులు. వచ్చినవాళ్ళకు చలి ఉండకూడదుగా. కొత్తగా తెల్ల పడుగు ఎక్కించి పెట్టారు. వేలితో ముట్టుకున్నాను, ఎండిపోయి ఉంది. ఒక పోగు తెగింది. మట్టి తేమ లేనిదే పట్టు నిలవదని చెబుదామనుకున్నాను. ఎవరూ నెయ్యనప్పుడు తెగితేనేం అని ఊరుకున్నాను.

ఒక జంట వచ్చారు, టోక్యో వాళ్ళలా ఉన్నారు. ఆ అమ్మాయి ఏదో అంది, వినపడలేదు. చేత్తో చూపించింది: కాస్త పక్కకు జరగండి, మగ్గం ఫొటోలో మీరు పడుతున్నారు అని. జరిగాను. తర్వాత ఫోను నా చేతికిచ్చారు, ఇద్దరూ మగ్గం పక్కన నిలబడ్డారు. తీసిపెట్టాను. నా గోరు చూసి ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. ఆదివారం ఆదివారం ఇంకా పళ్ళు కోసుకుంటూనే ఉన్నాను, ఎందుకో అడగకు.

జూన్‌లో రాసినదానికి నన్ను క్షమించు. నాది చదవని ముద్ర, నీది అడగని ముద్ర. రెండూ నాన్న సొరుగులోవే, ఒకే కొమ్ములోంచి కోయించినవి.

ఇక్కడా నోటీసు అట్ట వస్తుంది. మొన్న గురువారం వచ్చింది. చెత్తబండి బుధవారానికి మారిందని ఉంది. అయిదుసార్లు చదివాను. వెనకవైపు తిప్పి చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. చెత్తబండి సంగతే, ఇంకేమీ లేదు. అయినా ముద్ర ఎత్తితే చెయ్యి దిగడం లేదు. ఇవాళ్టికి మూడో రోజు. పక్కింటావిడ రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి నవ్వి వెళ్ళింది. ఆ నవ్వు నాకు తెలుసు.

సంవత్సరీకానికి మూడో తారీఖున వస్తున్నావుగా. ఈసారి సందు మొదట్లో నిలబడి వెళ్ళిపోకు. ఇక్కడ సందు లేదు, మెట్లున్నాయి, తిన్నగా పైకి రా. నాన్న పటం ముందు ఆ రెండున్నర అలల పట్టీ పెడతాను. అట్ట అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది, ఎవరేమనుకున్నా సరే. నువ్వూ ఒకసారి చదివి చెప్పు. అప్పుడు వేస్తాను.

అక్క